మొక్కల కబురు విన్న జగదీశ్ చంద్ర బోస్

కంప్యూటర్ల మధ్య సంకేతాలు నడిపించడమే వృత్తిగా ఉన్న నాకు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ అంటే ప్రత్యేకమైన అభిమానం. రేడియో తరంగాలతో మొదలుపెట్టి మొక్కల దాకా వెళ్ళిన ఆయన పరిశోధనలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయనిపిస్తుంది: కబురు ఎలా చేరుతుంది?

బోస్ 1858 నవంబరు 30న తూర్పు బెంగాల్‌లో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి అయినా కొడుకును ముందు బెంగాలీ బడిలోనే వేశారు. కేంబ్రిడ్జిలో చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన బోస్‌కు ఇంగ్లీషు అధ్యాపకులతో సమానమైన జీతం ఇవ్వలేదు. మూడేళ్ళు జీతం ముట్టకుండా పాఠాలు చెప్పి, చివరికి బకాయిలతో సహా సాధించుకున్నారు. 1895లో తీగ లేకుండా గోడల అవతల గంట మోగించి చూపారు.

తన రేడియో గ్రాహకం వాడేకొద్దీ అలసిపోయి, విశ్రాంతినిస్తే కోలుకోవడం ఆయన గమనించారు. కండరం కూడా అంతే కదా! దాంతో లోహాన్నీ, మొక్కనూ, కండరాన్నీ ఒకే పద్ధతిలో పరీక్షించారు. 1901లో లండన్‌లో పెద్దలు అభ్యంతరం చెప్పారు, రాయల్ సొసైటీ ఆయన పత్రాన్ని అచ్చు వేయలేదు. బోస్ తగ్గలేదు. అత్తిపత్తి కాడను చల్లబరిస్తే లోపలి సంకేతం నెమ్మదిస్తుందనీ, విషం పెడితే ఆగిపోతుందనీ చూపారు. 1917లో కలకత్తాలో సొంత పరిశోధనా సంస్థ స్థాపించారు. 1920లో అదే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. 1937లో కన్నుమూశారు.

మొక్కలకు నరాలున్నాయన్న ఆయన మాటను నేటి శాస్త్రం అక్షరాలా ఒప్పుకోదు. కానీ విద్యుత్ సంకేతాలున్నాయన్నది నిజం. పురుగు ఒక ఆకును కొరికితే కాల్షియం తరంగం నిమిషాల్లో దూరపు ఆకులకు చేరి, వాటిని రక్షణకు సిద్ధం చేస్తుందని 2018లో శాస్త్రజ్ఞులు కంటికి కనబడేలా చూపించారు.

సంకేతానికి అర్థం తీగలో ఉండదు, అందుకున్నవారు చేసే పనిలో ఉంటుందని నా వృత్తి నేర్పింది. ఆ లెక్కన మొక్కలో నడిచేది సమాచారమే. అయితే కబురు అందుకోవడం వేరు, బాధపడటం వేరు. ఈ రెండింటి మధ్య గీతను బోస్ బాగా పలచన చేశారు. అక్కడ మాత్రం నేను ఆయన వెంట వెళ్ళలేను. ఆ గీత ఎక్కడుందో వెతకాలన్న కోరిక మాత్రం ఆయన పెట్టిన భిక్షే.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అత్తిపత్తి కనిపిస్తే మీ పిల్లల చేత ముట్టించండి. ఆకు ముడుచుకోగానే, ఆ కబురు ఎలా వెళ్ళిందో అడగండి. బోస్ కథ అక్కడినుంచి చెప్పవచ్చు.