నాన్సెన్ కాగితం

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగారు. గాంధీగారి గురించి, కలాంగారి గురించి రాసేవాళ్లు ఉంటారు. నేను నానాజాతి సమితి పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఒక పేరు చెప్పేవాణ్ణి. అది పరీక్షలో వచ్చేది కాదు కనుక మీలో చాలామందికి గుర్తుండి ఉండదు. ఆ పేరు ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

ఆయన 1861లో నార్వేలో పుట్టాడు. చదివింది జంతుశాస్త్రం. నాడీకణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నాడు. కానీ లోకానికి తెలిసింది మంచు మీద నడిచిన మనిషిగానే. 1888లో మరో ఐదుగురితో కలిసి గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద అడ్డంగా దాటాడు. అంతకుముందు ప్రయత్నించినవాళ్లు జనం ఉన్న పడమటి తీరం నుంచి బయలుదేరి, కష్టం రాగానే వెనక్కి తిరిగారు. ఈయన ఎవరూ లేని తూర్పు తీరంలో దిగాడు. వెనక్కి వస్తే తిండీ లేదు, ఇల్లూ లేదు. ఇక ముందుకే పోవాలి. తరగతిలో ఈ మాట చెప్పగానే వెనక బెంచీలవాళ్లు కూడా తలెత్తేవారు.

ఫ్రామ్ ఓడ కథ మరీ పెద్దది. 1895లో ఓడను మంచులో వదిలి, యోహాన్సెన్ అనే సహచరుడితో ఉత్తర ధ్రువం వైపు నడిచి 86 డిగ్రీలు దాటాడు. అప్పటికి అంత ఉత్తరానికి వెళ్లినవారు లేరు. తిరుగుదారిలో రాళ్లతో గోడ పేర్చి, వాల్రస్ తోళ్లు కప్పి, ఎలుగుబంటి మాంసం తింటూ ఆ గుడిసెలోనే చలికాలం గడిపారు.

నాకు ముఖ్యమైన నాన్సెన్ ఆ తరువాతివాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది దాటినా లక్షలాది యుద్ధఖైదీలు ఇళ్లకు చేరలేదు. జర్మన్లు, ఆస్ట్రియన్లు, హంగేరియన్లు సైబీరియాలో, రష్యన్లు జర్మనీలో చిక్కుకుపోయారు. 1920లో నానాజాతి సమితి ఈ పని ఆయనకు అప్పగించింది. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. సోవియట్ ప్రభుత్వం సమితిని గుర్తించేది కాదు, నాన్సెన్‌తో మాత్రం మాట్లాడింది. రైళ్లు, ఓడలు కుదిర్చి 1922 నాటికి నాలుగు లక్షల పైచిలుకు మందిని ఇళ్లకు చేర్చాడు.

1921లో వోల్గా తీరాన కరువు వచ్చింది. ప్రభుత్వాలు అప్పు ఇవ్వాలని జెనీవాలో సమితిని వేడుకున్నాడు. ఇవ్వలేదు. బోల్షివిక్కులకు మేలు చేస్తున్నాడన్న నింద మాత్రం వచ్చింది. తానే ఆ ఊళ్లకు వెళ్లి, ఫొటోలు తెచ్చి, దేశదేశాల్లో చూపించి విరాళాలు పోగుచేశాడు. అమెరికావాళ్లు పెట్టిన తిండి ఇంతకంటే చాలా ఎక్కువ, ఆ సంగతీ చెప్పాలి.

విప్లవం, అంతర్యుద్ధం తరువాత పది లక్షలకు పైగా రష్యన్లు దేశం విడిచారు. 1921 చివర సోవియట్ ప్రభుత్వం వారిలో చాలామంది పౌరసత్వం రద్దుచేసింది. ఏ దేశమూ తనవాడని చెప్పని మనిషి సరిహద్దు దాటలేడు, పనికి కుదరలేడు. కాందిశీకుల హైకమిషనర్ అయిన నాన్సెన్ 1922లో వారికో గుర్తింపు పత్రం ఏర్పాటు చేయించాడు. అదే నాన్సెన్ పాస్‌పోర్టు. క్రమేణా యాభైకి పైగా ప్రభుత్వాలు దాన్ని ఒప్పుకున్నాయి. తరువాత ఆర్మీనియన్లకూ ఇచ్చారు. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ ఆ కాగితంతో తిరిగినవారే. అది పౌరసత్వం కాదు, ఇచ్చిన దేశానికి తిరిగి వచ్చే హక్కు కూడా మొదట్లో లేదు. ఈ మనిషి ఫలానా అని చెప్పేది, అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో పొరుగు రాష్ట్రం నుంచి పనికి వచ్చిన ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చాడు. టి.సి. లేదు. తెచ్చుకొని రమ్మన్నాను. నిబంధన ప్రకారం నేను చేసింది సరే. ఆ పిల్లాడు మళ్లీ రాలేదు. ఆ మరుసటి నెలలో నాన్సెన్ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు గొంతు పెగల్లేదు.

ఆయన చేసినవన్నీ మెచ్చుకోదగినవని నేను అనను. గ్రీసు, టర్కీల మధ్య జనాభా మార్పిడికి ఆయన మద్దతు ఉంది. పదిహేను లక్షలకు పైగా జనం మతం పేరున పుట్టినచోటు శాశ్వతంగా వదులుకున్నారు. అప్పటికే లక్షలమంది పారిపోయి ఉన్నారు, ఇంకేం దారి ఉందని ఆయన పక్షాన వాదించవచ్చు. దేశవిభజన పాఠం చెప్పిన నాకు ఆ వాదన మింగుడుపడదు.

1922 నోబెల్ శాంతి బహుమతి డబ్బు ఆయన సహాయ కార్యక్రమాలకే ఇచ్చేశాడు. 1925లో ఆర్మీనియా వెళ్లి, బీడుభూములకు నీరు పారించి కాందిశీకులకు ఊళ్లు కట్టే పథకం వేశాడు. డబ్బు ఇచ్చేవాళ్లు లేక అది సాగలేదు. చివరిదాకా సమితి ముందు దాని గురించే అడుగుతూ వచ్చాడు.

1930 మే 13న ఓస్లో దగ్గర తన ఇంట్లో కన్నుమూశాడు. ఆయన పేరున ఏర్పడ్డ కాందిశీకుల కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ పాస్‌పోర్టు మీద అంటించే స్టాంపుపై ఆయన బొమ్మే ఉండేది. ఖరీదు ఐదు బంగారు ఫ్రాంకులు. ఇచ్చుకోగలిగినవాళ్లు కొనేవాళ్లు. ఆ డబ్బు ఏమీ లేని కాందిశీకుల సహాయనిధికి వెళ్లేది.