శ్రీకృష్ణదేవరాయల అశ్వపరీక్ష

ఈ సంచికయందు ప్రతివత్సరము నొక మహాపురుషుని చరిత్రము ప్రకటించుట వాడుక. ఈ యేట శ్రీకృష్ణదేవరాయల చరిత్రము నెన్నుకొంటిమి. ఈ మహారాజు తమవాడని చెప్పుకొను సంఘములు తెలుగుదేశమున నొకటి కాదు, రెండు కాదు. ఆ వివాదము మాకు వలదు. ఆయన కవితను, భువనవిజయమును గూర్చి పెద్దలు మిక్కిలిగ వ్రాసియున్నారు. ఆయనకు గుఱ్ఱములయందు గల శ్రద్ధను మాత్రము తగినంతగ నెవరును చెప్పినట్లు మాకు తోపలేదు.

పట్టిసీమ వారమైన మాకు గుఱ్ఱముతో సంబంధ మేమని యెవరైన నడుగవచ్చును. మా గోదావరి లంకలలోను, వరిమళ్లలోను పూర్వము పని యంతయు నెద్దులదై యుండెను. గుఱ్ఱమునకు తడినేల పనికిరాదు. నానిన డెక్క మెత్తబడి చెడును. అయినను కోడెదూడను కొనబోవు మా రైతు మొదట నోరు తెఱచి పండ్లు చూచును, పిమ్మట నొడలి సుళ్లు చూచును, కడపట నడిపించి చూచును. విజయనగరపు లాయములలో జరిగిన పరీక్షయు నీ మార్గమునదే.

రాయలు తుళువ నరసనాయకునకు నాగలాంబయందు జనించి, అన్న వీరనరసింహరాయల పిమ్మట 1509లో రాజ్యమునకు వచ్చెను. ఆయనను కన్నులార చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వ్రాతలవలన ఆయన నడితరపు పొడవు గలవాడనియు, పచ్చని మేనివాడనియు, కొంచెము స్థూలకాయుడనియు, ముఖమున మశూచికపు మచ్చలు గలవనియు తెలియుచున్నది. తెల్లవాఱక పూర్వమే నువ్వుల నూనె త్రాగి, అదియే యొడలికి పట్టించుకొని, బరువు లెత్తి, కత్తి త్రిప్పి, మల్లునితో పెనగి, పిమ్మట గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు మైదానమున స్వారి చేయుట ఆయనకు నిత్యకృత్యము. ఇట్టి ప్రభువునకు సాహిణి చెప్పిన మాటలు విని గుఱ్ఱమును మెచ్చుకొనవలసిన యవసర మేమున్నది?

దక్షిణదేశమున మేలుజాతి గుఱ్ఱములు లేకపోవుట యానాటి రాజుల కందఱకు పెద్ద చిక్కు. హురుముంజి తేజీలు ఓడలమీద రావలసినవే. అవచి తిప్పయసెట్టి వానిని తెప్పించెనని శ్రీనాథుని హరవిలాసము చెప్పుచున్నది. పదుమూడవ శతాబ్దమున వచ్చిన మార్కోపోలో, తూర్పుకోస్తా రాజు లేటేట వేలకొలది గుఱ్ఱములు కొందురనియు, మేపుట తెలియక వండిన యన్నమును, మాంసమును పెట్టుటచే నవి యేడాది తిరుగకమునుపే చచ్చుననియు వ్రాసెను. గుఱ్ఱపు వైద్యు లీ దేశమునకు రాకుండ వర్తకులే యడ్డుపడిరని కూడ నాతడు చెప్పెను. గుఱ్ఱము చచ్చినకొలది వారికి బేరము గదా! రాయలకు ముందేలిన సాళువ నరసింహరాయలు వేయి వరహాలకు మూడు గుఱ్ఱముల చొప్పున కొని, సముద్రముమీద చచ్చినదానికి తోక తెచ్చి చూపినను వెల యిచ్చెనట. ఇది ఔదార్యమో, గతిలేమియో చదువరులే నిర్ణయింపవచ్చును. మాకు రెండవదే నిజమని తోచుచున్నది.

రాయల పద్ధతి వేఱు. 1535 ప్రాంతమున విజయనగరమున నుండిన ఫెర్నావ్ నూనిజ్ లెక్క ప్రకారము రాజు సంవత్సరమునకు హురుముంజి గుఱ్ఱములను, దేశవాళీ గుఱ్ఱములను కలిపి 13,000 కొనును. అందు శ్రేష్ఠమైనవి యేఱి తన లాయమునకు తీసికొని, తక్కినవి దండనాయకులకు వేయి వరహాలకు అయిదు చొప్పున నిచ్చును. వారు సెప్టెంబరు నెలలో సొమ్ము చెల్లింపవలెను. ఆ సొమ్ముతోనే పోర్చుగీసువారి యరబ్బీ గుఱ్ఱముల వెల తీర్చును. ఏఱుటలోనే లాభమంతయు నున్నది. ఏఱుట తప్పెనా, బొక్కసము గుల్లయగును.

పడుచు గుఱ్ఱము నేఱుట యెట్లు? రెండున్నర యేండ్ల ప్రాయమున నడిమి పాలపండ్లు రాలి కొత్తవి వచ్చును. మూడున్నరకు వాని ప్రక్కవి, నాలుగున్నరకు మూలవి మాఱును. అయిదేండ్లకు నోరు నిండును. వర్తకుడు వయస్సు దాచగలడు గాని పండ్లు దాచవు. పిమ్మట సుళ్లు. శాలిహోత్రుని మొదలుకొని తెలుగున హయలక్షణములు పద్యములలో చెప్పిన మనుమంచిభట్టు వఱకు శాస్త్రకారులు వీనికి గొప్ప స్థాన మిచ్చిరి. మెడమీది దేవమణి శుభము. నాలుగు కాళ్లును, ముఖమును తెల్లనైన పంచకల్యాణికి మనదేశమున నేటికిని గౌరవము కలదు. కాని వారములతరబడి యోడ యడుగున కదలక నిలిచిన గుఱ్ఱమునకు ముందు కాళ్లు చూడవలెను, డెక్కలు చూడవలెను, ఊపిరి చూడవలెను. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను పంచధారలలో నడిపించినగాని యందు లోపమున్నది లేనిది తేలదు. సుడి మంచిదై కాలు కుంటిదైనచో నా గుఱ్ఱము బొమ్మకు పనికివచ్చును గాని యుద్ధమునకు రాదు.

ఏఱిన గుఱ్ఱములను లోకమునకు చూపు దినము మహర్నవమి. కళింగ విజయమునకు పిమ్మట పెంచి కట్టించినదని చెప్పబడు దిబ్బ యెదుట నా గుఱ్ఱములను సింగారించి వరుసలుగ నిలుపుదురు. అన్నిటికిని ముందు రెండు గొడుగులతో నొక గుఱ్ఱము నడచును. అది పట్టపు గుఱ్ఱము. రాజగువాడు దానిపైననే ప్రమాణము చేయవలెను. అది చచ్చినచో నింకొకటి యా స్థానమునకు వచ్చును. ప్రధాన బ్రాహ్మణుడు కొబ్బరికాయ, అక్షతలు, పువ్వులు పట్టుకొని గుఱ్ఱముల చుట్టును తిరిగి పోవును. గుఱ్ఱములను నడిపించు పరదేశ వర్తకుల ప్రతిమలు ఆ దిబ్బ రాళ్లమీద నేటికిని చూడనగును.

గుఱ్ఱముల వర్తకులను దూరము చేసికొనరాదని రాయలు ఆముక్తమాల్యదలోనే బోధించెను. దూరదేశములనుండి యేనుగులను, గుఱ్ఱములను తెచ్చువారికి గ్రామములిచ్చి, పురమున నిండ్లిచ్చి, మంచి వెల నిచ్చి, కొలువున దర్శనమిచ్చి తనవారిని చేసికొనవలెననియు, అప్పుడు శత్రువుల కవి దొరకవనియు నందలి భావము. ఇది పుస్తకపు నీతి కాదు. 1510లో గోవాను పట్టిన అల్బుకెర్కు గుఱ్ఱముల బేరమును చేత పెట్టుకొని, విజయనగరమునకును విజాపురమునకును నడుమ నాసలు చూపుచుండెను.

1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు లోబడెను. పిమ్మట కొండపల్లి గెలిచి రాయల దండు మన రాజమహేంద్రవరము మీదుగ సింహాచలమునకు పోయెను. 1516 నాటి రాయల శాసన మచట కలదు. ఈ కళింగదండయాత్ర అందఱెఱిగినదే గావున విస్తరింపము.

గుఱ్ఱముల సొమ్ము యుద్ధమునకు దారితీసిన కథ మాత్రము చెప్పవలెను. నూనిజ్ వ్రాసిన ప్రకారము రాయలు 40,000 వరహా లిచ్చి సీదే మెర్కారు అను వర్తకుని గోవాకు గుఱ్ఱములకై పంపెను. అతడు పోండా చేరి, సొమ్ముతో ఆదిల్‌షాహ వద్దకు పాఱిపోయెను. వానిని సొమ్ముతో నప్పగింపుడని రాయలు కోరెను, షాహ యొప్పలేదు. 1520లో రాయచూరు యుద్ధము జరిగెను. తొలుత షాహ ఫిరంగులకు విజయనగరపు ముందటి శ్రేణులు విఱిగినవి. రాయ లపుడు తన యుంగరమును సేవకుని చేతికిచ్చి, తాను మడిసినచో రాణులకు చూపుమని చెప్పి, గుఱ్ఱమెక్కి మిగిలిన బలముతో తాకెను. షాహ యేఱు దాటి పాఱిపోయెను. దొరికిన కొల్లలో 4,000 హురుముంజి గుఱ్ఱము లుండెను. నలువదివేల వరహాలకు వడ్డీతో వసూలైనదని మేమనుకొందుము. కోట ముట్టడిలో గోడమీది వారిని తుపాకులతో కొట్టి సాయపడిన క్రిష్టోవావ్ ఫిగ్వెరేదో సయితము గుఱ్ఱము లమ్మవచ్చినవాడే.

కడపటి దినములు దుఃఖమయములు. బాలుడగు కుమారుడు తిరుమలరాయలు మరణించెను. విషప్రయోగమను ననుమానముతో, తండ్రివలె నమ్మిన తిమ్మరుసు కన్నులు తీయించెనని నూనిజ్ వ్రాసెను. గుఱ్ఱము పండ్లలో వయస్సు చదివింపగల ప్రభువు మనుష్యుని హృదయమును చదువలేకపోయెనో, లేక చదివియే చేసెనో! 1529లో రాయలు పరమపదించెను. తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజ్యమునకు వచ్చెను. లాయమున పట్టపు గుఱ్ఱము రెండు గొడుగులతో సిద్ధముగ నుండెను.