ఈకలతో ఈగలు కట్టిన థియోడర్ గోర్డన్

థియోడర్ గోర్డన్ పేరు మన పాఠకులలో పలువురికి పరిచితం కాకపోవచ్చు. కాని గాలంతో ట్రౌట్ చేపలు పట్టే అమెరికా దేశీయులలో ఆయన పేరు ఎరుగనివారు అరుదు. ఆయన సేనలు నడపలేదు, గ్రంథమేదీ ప్రకటించలేదు. కోడి ఈక, బాతు ఈక, నెమలి ఈక, ఈ మూడింటిని సన్నని దారంతో గాలపు ముల్లుకు చుట్టి, ఏటి నీటిపై తేలే పురుగును చేశాడు. చూపులకు అల్పమైన ఈ పని మీదనే ఆయన కీర్తి నిలిచివున్నది.

గోర్డన్ 1854లో పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గు నగరంలో జన్మించాడు. బాల్యంనుండి దుర్బలమైన శరీరం. కొంతకాలం దక్షిణాన సవన్నా పట్టణంలో ధన వ్యాపారంలో ఉన్నాడు గాని ఆ జీవితం నిలువలేదు. క్షయ ఆయనను పీడించింది. కడపటి సంవత్సరాలు న్యూయార్కు నగరానికి ఉత్తరాన గల కాట్స్‌కిల్ కొండలలో, నెవర్‌సింక్ నది లోయలో, పెండ్లి లేక, బంధుజనానికి దూరంగా గడిపాడు.

ఆనాటి కాట్స్‌కిల్ ఏరుల స్థితి కొంత చెప్పాలి. తోళ్ళు ఊనే కార్ఖానాలకు కావలసిన బెరడుకోసం అక్కడి హెమ్లాక్ వృక్షాలను విచ్చలవిడిగా నరికివేశారు. నీడ పోయి నీరు వేడెక్కింది. చల్లని నీటిలో తప్ప బ్రతకలేని స్వదేశపు ట్రౌట్ జాతి క్షీణించింది. 1883లో జర్మనీనుండి గోధుమవన్నె ట్రౌట్ గుడ్లను తెప్పించి పెంచసాగారు. ఈ కొత్త చేప మహా జాగ్రత్త గలది. నీటిలో మునిగిపోయే పాతకాలపు రంగురంగుల ఎరలను చూచి తేలికగా మోసపోయేది కాదు. నీటిపై వాలిన పురుగును మాత్రం ఆబగా అందుకునేది.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే ఆయన తేలే ఈగల విషయమై 1886లో ఒక గ్రంథం రచించాడు. గోర్డన్ ఆయనకు ఉత్తరం వ్రాశాడు. 1890లో హాల్‌ఫర్డ్ తాను కట్టిన ఈగల మాదిరులను పంపించాడు. గోర్డన్ వాటిని అనుకరించి ఊరుకుంటే ఆయన కథ అంతటితో ముగిసేది. ఇంగ్లండులో హాల్‌ఫర్డ్ గాలం వేసిన నదులు నెమ్మదిగా, అద్దంవలె పారేవి. నెవర్‌సింక్ రాళ్ళమీద ఉరకలు వేసే ఏరు; పురుగులు కూడా వేరు. ఆ నదికి తగిన ఈగను ఆ ఒడ్డున కూర్చునే కట్టాలని గోర్డన్ గ్రహించాడు. ఆయన గొప్పతనమంతా ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయం.

ఈగ తేలడమూ మునగడమూ ఈక మీద ఆధారపడి ఉంటుంది. పెట్ట ఈక మెత్తన. నీరు పీల్చి మునుగుతుంది. వయసు మళ్ళిన పుంజు మెడ ఈక నిగనిగలాడుతూ, బిరుసుగా ఉంటుంది. దానిని నిలువంచున ముల్లుకు చుడితే పోగులు చక్రం ఆకులవలె నలువైపులా నిలుస్తాయి. వాటి కొనలు నీటి ఉపరితలంపై ఆనుకొని ముల్లును మోస్తాయి. ఈకను వంచి చూస్తే పోగులు చివ్వున విడివడాలి. మొదట నూగు తక్కువగా ఉండాలి.

గోర్డన్ ఎక్కువగా కోరింది పొగవన్నె కలిసిన నీలి ఈక. అది దొరకడం దుర్లభం. పందెపు కోళ్ళకు డేగ, కాకి, నెమలి అని వన్నెలనుబట్టి పేర్లు పెట్టిన మనవారికి ఈ పట్టింపు వింతగా తోచదు. పైగా పొగనీలి పుంజును, పొగనీలి పెట్టను జతపరచినా పిల్లలలో సుమారు సగమే ఆ వన్నెకు వస్తాయి. తక్కినవి నల్లనివి కొన్ని, తెల్లనివంటివి కొన్ని. మెండెల్ సూత్రాలు చదివిన విద్యార్థులకు కారణం సుబోధకమే. గుడ్లకోసం కోళ్ళను పెంచే రైతు పుంజును ముదిరేదాకా ఉంచడు కూడా. మంచి ఈకల కరవును గురించి గోర్డన్ తన లేఖలలో తరచు వాపోయాడు.

ఆయన పేరుతో ప్రసిద్ధమైన ఈగ క్విల్ గోర్డన్. దాని దేహానికి నెమలి పింఛంలోని కన్ను దగ్గరి పోగు కావాలి. గోటితో నూగును గీకివేస్తే లోపలి ఈనె ఒక అంచున లేతగా, మరొక అంచున ముదురుగా కనబడుతుంది. దానిని ముల్లుకు చుట్టగా మేఫ్లై అనే పురుగు కడుపుమీది చారలు యథాతథంగా ఏర్పడతాయి. ఈనె పెళుసు గనుక ముందుగా నీటిలో నానబెట్టాలి. తెగకుండా సన్నని తీగను ఎదురు చుట్టుగా వేస్తారు. రెక్కలకు ఉడ్ డక్ అనే బాతు పక్కలనుండి తీసిన ఈక. నిమ్మపండు చాయపై సన్నని నల్లగీతలు గల ఆ పోగులను కుచ్చుగా కట్టి నిలబెడితే, ఏప్రిల్ చలిలో నీటినుండి లేచే పురుగు రెక్కలే అనిపిస్తాయి.

శీతకాలమంతా గోర్డన్ పొయ్యిదగ్గర కూర్చుండి ఈగలు కట్టి, అమ్ముకొని జీవించాడు. అమెరికాలో ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్, ఇంగ్లండులో ఫిషింగ్ గెజెట్ పత్రికలకు వ్రాసేవాడు. స్క్యూజ్ అనే ఆంగ్లేయునితో దీర్ఘకాలం ఉత్తరాలు నడిపాడు. అయితే చేతిపనిలోని మర్మాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని బోధించడానికి మాత్రం ఇష్టపడేవాడు కాడు. దూరాన ఉన్నవారికి అంత ఉదారంగా వ్రాసిన మనిషి ఇరుగుపొరుగు వారివద్ద చేతులు ముడుచుకోవడం నాకు కొంత బాధగానే తోస్తుంది. పనితనమే ఆయన తిండి కూడా అన్న సంగతి మరువరాదు. లిబర్టీ పట్టణపు తపాలా ఉద్యోగి రాయ్ స్టీన్‌రాడ్ ఒక్కనికి మాత్రం ఆ విద్య అబ్బింది.

1915 మే నెలలో గోర్డన్ మరణించాడు. మరుసటి యేడు స్టీన్‌రాడ్ హెండ్రిక్సన్ అనే కొత్త ఈగను కట్టాడు. దానికీ ఉడ్ డక్ రెక్కలే. 1918లో ఆ బాతును వేటాడరాదని అమెరికా శాసనం చేసింది. 1941దాకా ఆ నిషేధం సాగగా, పనివారు వేరొక బాతు ఈకకు రంగు అద్ది సరిపెట్టుకున్నారు. గోర్డన్ వ్యాసాలను, లేఖలను జాన్ మెక్‌డొనాల్డ్ సేకరించి 1947లో గ్రంథంగా ప్రకటించాడు.

న్యూయార్కు నగరానికి తాగునీటికోసం నెవర్‌సింక్ నదికి ఆనకట్ట కట్టారు. 1953లో పూర్తి అయిన ఆ జలాశయం క్రింద ఆయన గాలం వేసిన ప్రవాహంలో కొంత భాగం మునిగిపోయింది. కాట్స్‌కిల్ ఏరులపై ఏప్రిల్ రాగానే క్విల్ గోర్డన్ కట్టి గాలం విసరేవారు నేటికీ ఉన్నారు.