బొబ్బిలి రాజాను ఓడించిన కార్మిక నాయకుడు

బొబ్బిలిలో గెలుపు, పాతపట్నంలో గెలుపు, పార్వతీపురంలో ఓటమి. భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన కీర్తిశేషులు వరాహగిరి వెంకటగిరి గారు ఓటర్ల ముందు నిలబడిన పెద్ద పోటీలు మన ప్రాంతంలోనే జరిగాయి. ఆయనను నాయకుణ్ణి చేసింది మాత్రం రైల్వే కార్మికులు.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. కుమారుడు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు వెళ్లి, అక్కడి స్వాతంత్ర్య పోరాటంలో తలదూర్చి, 1916లో ఆ దేశం వదలి రావలసి వచ్చింది. బరంపురంలో పెట్టిన ప్రాక్టీసు కూడా గాంధీజీ పిలుపుతో వదులుకున్నారు.

ఖరగ్‌పూర్ నుంచి పలాస, విజయనగరం మీదుగా వాల్తేరు వచ్చే లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కార్మికుల సంఘానికి గిరిగారు అధ్యక్షులై, 1928లో పనిలోంచి తీసేసిన వారి కోసం సమ్మె నడిపించారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకుల్లోనూ ఆయన ఒకరు.

ఆయన ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులైన 1926లోనే ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం సంఘం మామూలు నిధిలోంచి ఎన్నికలకు పైసా తీసే వీలుండేది కాదు. సభ్యులు ఇష్టపడి ఇచ్చిన చందాతో వేరే నిధి పెట్టుకుని అభ్యర్థి ఖర్చులు, సభలు, కరపత్రాల ఖర్చు భరించే వీలుండేది. చందా ఇవ్వని సభ్యుడికి ఏ సదుపాయమూ ఆపే వీలుండేది కాదు. బాగానే ఉంది కాని, ఆనాడు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న వారికే ఓటు. పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్‌కు ఓటెక్కడిది? చందా ఇవ్వగలడు, జెండా పట్టగలడు, అంతే.

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 6 స్థానాలు కార్మికులకు ప్రత్యేకించారు. గిరిగారు వాటిలో ఒకదానికి నిలబడి ఉంటే ఎవరూ వింతపడేవారు కారు. కాంగ్రెసు ఆయనను బొబ్బిలిలో నిలబెట్టింది. ఎదుటి అభ్యర్థి జస్టిస్ పార్టీ నాయకుడు, రాష్ట్ర ప్రధాని, సాక్షాత్తు బొబ్బిలి రాజా. సొంత జమీనులో రాజాగారిని ఎదిరించడమంటే మాటలా! చదువురాని ఓటరు కోసం ఆ ఎన్నికల్లో రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. రాజా ఓడిపోయారు. గిరిగారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చగా 1954లో రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. కార్మికుల కోసం కుర్చీ వదిలిన మంత్రులు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది కూడా ఉండరేమో.

1957లో పార్వతీపురంలో రెండు స్థానాలు, ఒకటి గిరిజనులకు రిజర్వు. రెండూ గిరిజన అభ్యర్థులే గెలుచుకున్నారు. జనరల్ స్థానం డిప్పల సూరిదొర గారికి ఎలా చెందుతుందని గిరిగారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో ఓడారు. ఓట్లతో రాజాను దించిన మనిషికి ఈ వ్యాజ్యం అంతగా నప్పలేదు.

తరువాత గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969లో రాష్ట్రపతి పదవికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, కాంగ్రెసు అభ్యర్థి సంజీవరెడ్డి గారిని రెండో ప్రాధాన్యత ఓట్ల లెక్కింపులో ఓడించారు.

1974 మే 8న దేశమంతటా రైళ్లు ఆగిపోయాయి. సమ్మెకు నాయకత్వం వహించింది గిరిగారు పెంచిన ఆ రైల్వేమెన్ ఫెడరేషనే. వేలాదిమందిని జైళ్లలో పెట్టారు, ఎందరినో ఉద్యోగాల నుంచి తొలగించారు. మంత్రివర్గం సలహాను కాదనే అధికారం రాష్ట్రపతికి లేదు. ఆ నెలాఖరుకు సమ్మె విరమించారు. ఆగస్టు 24న గిరిగారి పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.