ఇల్లు లేని మేయరు పేరిట వీధి

ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో, శాన్ మార్కో మఠానికి సమీపంలో ఒక వీధికి 'వియా జార్జియో లా పీరా' అని పేరు. ఆ పేరు గల వ్యక్తి రాజవంశీకుడూ కాదు, మతాచార్యుడూ కాదు. గురుత్వం స్వీకరించకుండా అవివాహితుడిగా ఉండి ప్రజాసేవకు అంకితమైన కథోలిక విశ్వాసి. సొంత ఇల్లు లేకుండానే జీవించి, నగరంలోని నిరాశ్రయులకు నీడ కల్పించిన మేయరు.

లా పీరా 1904 జనవరి 9న సిసిలీ ద్వీపంలోని పొజ్జాల్లో పట్టణంలో జన్మించారు. న్యాయశాస్త్రం అభ్యసించి ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో రోమన్ న్యాయశాస్త్ర ఆచార్యులయ్యారు. శాన్ మార్కో మఠంలోని చిన్న గదిలో చాలాకాలం నివసించారు. 1934లో పేదల కోసం ప్రత్యేక పూజను ప్రారంభించి, అక్కడికి వచ్చినవారికి రొట్టెలు పంచే ఏర్పాటు చేశారు. ఫాసిస్టు పాలనను విమర్శిస్తూ 1939లో 'ప్రించీపి' పత్రికను వెలువరించారు. ప్రభుత్వం దానిని నిలిపివేసింది. 1943లో పోలీసులు వెతుకుతుండటంతో ఆయన నగరం విడిచి వెళ్లవలసి వచ్చింది.

యుద్ధానంతరం 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికై, రాజ్యాంగ మౌలిక సూత్రాల రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1951లో మేయరయ్యారు.

ఖాళీ భవనాల స్వాధీనం

నాడు ఫ్లోరెన్స్‌లో ఇళ్ల కొరత తీవ్రంగా ఉండేది. అద్దె ఇళ్ల నుంచి వెళ్లగొట్టబడిన కుటుంబాలు వీధిన పడ్డాయి. ఖాళీగా ఉన్న భవనాలను అద్దెకివ్వమని లా పీరా యజమానులను కోరారు. వారు అంగీకరించకపోవడంతో 1865 నాటి పాత చట్టాన్ని వెలికితీసి ఆ భవనాలను స్వాధీనం చేసుకున్నారు. 1954లో ఇసోలోట్టో కాలనీని ప్రారంభించి కొత్త ఇళ్ల తాళాలు లబ్ధిదారులకు అందజేశారు.

1953లో పిన్యోనే కర్మాగారం మూతపడే స్థితికి రాగా కార్మికుల పక్షాన నిలిచారు. చివరకు ప్రభుత్వ ఇంధన సంస్థ 'ఎని' దానిని చేపట్టడంతో కర్మాగారం నిలబడింది. ఆస్తి హక్కును కాలరాస్తున్నారని, ప్రభుత్వ జోక్యాన్ని పెంచుతున్నారని సొంత పక్షం వారే విమర్శించినా ఆయన వెనుకంజ వేయలేదు. 1957 వరకు, తిరిగి 1961 నుంచి 1965 వరకు మేయరుగా కొనసాగారు.

శాంతి యాత్రలు

ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో 1955లో ప్రపంచ దేశాల రాజధానుల మేయర్లను ఫ్లోరెన్స్‌లో సమావేశపరిచారు. 1959లో మాస్కో వెళ్లారు. 1965లో హనోయ్‌లో హో చి మిన్‌ను కలిసి వియత్నాం యుద్ధ విరమణకు ప్రయత్నించారు. ఆ యత్నం ఫలించలేదు.

1977 నవంబరు 5న లా పీరా కన్నుమూశారు. 2007లో ఆయన భౌతికకాయాన్ని శాన్ మార్కో దేవాలయానికి తరలించారు. పునీత పట్టానికి దారితీసే ప్రక్రియలో భాగంగా 2018లో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను పూజ్యులుగా గుర్తించారు. ఆయన పేరిట ఒక వీధి ఉంది. ఆయన కట్టించిన కాలనీలో వీధులు అనేకం.