పరదేశంలో హాండెల్

ఈసారి గోడపత్రికకి నేను ఎంచుకున్నది తెలుగువాళ్ళని కాదు, జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన సంగీతకర్త జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్‌ని. కారణం ఉంది. నేను నాన్నమ్మతో తెలుగు, అమ్మతో తమిళం మాట్లాడతాను. రెండు చోట్లా నా యాసకి ఎవరో ఒకరు నవ్వుతారు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఒక ఊరివాళ్ళు ఎప్పుడవుతారు అనే ప్రశ్న నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

హాండెల్ 1685లో హాలే పట్టణంలో పుట్టారు. తండ్రి ఆ కాలపు శస్త్రవైద్యుడు. కొడుకు లాయరు కావాలని ఆయన పట్టు, కొడుకు మనసేమో సంగీతం మీద. మన ఇళ్ళల్లో ఇప్పటికీ నడుస్తున్న కథే కదా! తండ్రి పోయాక 1702లో విశ్వవిద్యాలయంలో చేరారు గానీ, మరుసటి ఏడే హాంబర్గ్ వెళ్ళిపోయారు. తర్వాత కొన్నేళ్ళు ఇటలీలో ఉండి, 1710లో లండన్ చేరారు. ఈ జర్మన్ మనిషి ఇంగ్లీషువాళ్ళకి ఇటాలియన్ భాషలో ఒపేరాలు చేసి పెట్టి పేరు తెచ్చుకున్నారు. 1727లో పార్లమెంటు చట్టం ద్వారా బ్రిటిష్ పౌరుడయ్యారు. అదే ఏడు కొత్త రాజు పట్టాభిషేకానికి సంగీతం కూర్చారు.

కానీ ఊరి అభిరుచి మారింది. ఒపేరాలకి జనం తగ్గారు, నష్టాలు వచ్చాయి. 1737లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పనిచేయలేదు. కోలుకుని, మెల్లగా ఇటాలియన్ ఒపేరా వదిలేసి ఇంగ్లీషులోనే రాయడం మొదలుపెట్టారు. 1741లో ‘మెస్సయ్య’ని 24 రోజుల్లో పూర్తిచేశారు. 1742 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో దాని మొదటి ప్రదర్శన జరిగింది. హాల్లో ఎక్కువమంది పట్టాలని, ఆడవాళ్ళు గౌన్ల కింద వెడల్పాటి వలయాలు లేకుండా, మగవాళ్ళు కత్తులు లేకుండా రావాలని ముందే చెప్పారట. వచ్చిన డబ్బు రెండు ఆసుపత్రులకీ, అప్పు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్ళకీ వెళ్ళింది. 142 మంది విడుదలయ్యారు.

ఆ రోజుల్లో లండన్ వీధుల్లో పసిపిల్లల్ని వదిలేసి వెళ్ళేవారు. అది చూసి ఓర్వలేక థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఏళ్ళ తరబడి తిరిగి, 1739లో అనాథ శిశువుల ఆశ్రమానికి రాజు అనుమతి సంపాదించారు. ఆయన కోసం ముందుగా సంతకాలు పెట్టింది 21 మంది గొప్పింటి స్త్రీలు. అక్కడ చోటు తక్కువ, వచ్చే తల్లులు ఎక్కువ. అందుకని తల్లి సంచిలో చెయ్యిపెట్టి ఒక బంతి తీయాలి. తెల్లబంతి వస్తే బిడ్డని తీసుకుంటారు, నల్లబంతి వస్తే వెనక్కి పంపేస్తారు. ఎప్పటికైనా గుర్తుపట్టడానికని తల్లులు గుడ్డముక్కో, నాణెమో బిడ్డతో వదిలి వెళ్ళేవారు. ఇది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హాండెల్‌కి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. 1749లో ఈ ఆశ్రమం కోసం కచేరీ చేశారు. మరుసటి ఏడు అక్కడి ప్రార్థనామందిరానికి ఆర్గాన్ కానుకగా ఇచ్చి, ‘మెస్సయ్య’ వినిపించారు. టిక్కెట్టు ఉన్నవాళ్ళకి కూడా చోటు చాలక, రెండు వారాలకి మళ్ళీ పెట్టాల్సొచ్చింది. తర్వాత అది ఏటేటా జరిగే కార్యక్రమం అయింది. అలా పిల్లలకి సుమారు 7,000 పౌండ్లు చేరాయి. ఈలోగా చూపు పోయినా ఆయన సంగీతం మానలేదు.

ఒక సంగతి దాచకూడదు. 1720 ప్రాంతంలో ఆయనకి బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలు ఉండేవి. అక్కడ అమ్ముడుపోయినవాళ్ళలోనూ తల్లుల నుంచి విడిపోయిన పిల్లలున్నారు. ఇది తెలిశాక వ్యాసం ఆపేద్దామనుకున్నాను. తర్వాత, రెండూ రాయడమే న్యాయం అనిపించింది. మంచి పని చేసినంత మాత్రాన ఆ లెక్క కొట్టేయలేం. ఆ లెక్క ఉందని ఆ పిల్లలు తిన్న అన్నాన్నీ కాదనలేం.

1759 ఏప్రిల్ 14న హాండెల్ కన్నుమూశారు. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో అంత్యక్రియలకి సుమారు 3,000 మంది వచ్చారు. వీలునామాలో పేద సంగీతకారుల సహాయనిధికి 1,000 పౌండ్లు, ఆశ్రమానికి ‘మెస్సయ్య’ ప్రతి ఒకటి రాసిచ్చారు. తను పోయినా పిల్లల కోసం ఆ కచేరీ ఆగకూడదని కాబోలు.

పార్లమెంటు ఆయన్ని 1727లోనే ఆ దేశస్థుణ్ణి చేసింది. నన్నడిగితే, ఆయన లండన్‌వాడయింది మాత్రం ఆ పిల్లల దగ్గరే.