కొన్నవీ, చేసుకున్నవీ – విల్బర్ రైట్ జీవితం

విమానం అనగానే మనకు రైట్ సోదరులు గుర్తుకు వస్తారు. అయితే తమ విమానంలో ఏ భాగాన్ని కొనాలి, ఏ భాగాన్ని సొంతంగా తయారు చేసుకోవాలి అన్న ప్రశ్న వారిని అడుగడుగునా వేధించింది. ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడైన విల్బర్ గురించి హాస్టల్ తమ్ముళ్లకు నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి చర్చి బిషప్. హైస్కూలు చదువు ముగిసే సమయానికి కుటుంబం డేటన్ నగరానికి మారడంతో సర్టిఫికెట్ చేతికి రాలేదు. తర్వాత హాకీ ఆటలో ముఖానికి పెద్ద దెబ్బ తగిలి కాలేజీ ఆశ కూడా పోయింది. జబ్బుపడ్డ తల్లికి సేవ చేస్తూ ఇంట్లోని పుస్తకాలు చదివాడు. 1892లో తమ్ముడు ఆర్విల్‌తో కలిసి సైకిల్ షాపు పెట్టాడు. 1896 నుంచి సొంతంగా సైకిళ్లు తయారు చేశారు.

1900లో మొదటి పెద్ద గ్లైడర్‌కు 18 అడుగుల స్ప్రూస్ కర్రలు కావలసి వచ్చాయి. దారిలో నార్ఫోక్‌లో కొనవచ్చనుకున్నాడు. అక్కడ దొరకలేదు. 16 అడుగుల పైన్ కర్రలతో సరిపెట్టుకున్నాడు. రెక్కలు చిన్నవి కావడంతో కిట్టీ హాక్ గ్రామంలో ఒక ఇంటి ఇల్లాలి కుట్టుమిషన్ అడిగి తీసుకుని, గుడ్డను తనే తిరిగి కుట్టాడు.

1901లో చేసిన గ్లైడర్ ఆశించినంతగా పైకి లేవలేదు. దాన్ని అప్పటి పుస్తకాల్లోని లెక్కలను నమ్మి కట్టారు. ఆ లెక్కలు కూడా ఒకరకంగా రెడీమేడ్ సరుకే కదా! అందుకే 6 అడుగుల చెక్కపెట్టెలోకి ఫ్యానుతో గాలి పంపి, సుమారు 200 చిన్న రెక్కల నమూనాలను సోదరులు స్వయంగా పరీక్షించారు. 1902 గ్లైడర్ చక్కగా ఎగిరింది.

ఇక ఇంజన్ కావాలి. కంపెనీలకు ఉత్తరాలు రాశారు. తేలికగా, తగినంత శక్తితో ఉండే ఇంజన్ ఎవరి దగ్గరా కుదరలేదు. షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారు చేశాడు. 1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుండగా దాని అల్యూమినియం పెట్టె పగిలింది. మళ్లీ పోత పోయించారు. ఓడల ప్రొపెల్లర్ల లెక్కలు పనికిరాకపోవడంతో ప్రొపెల్లర్లనూ తామే చెక్కుకున్నారు. అలాగని అన్నీ చేసుకోవాలన్న పంతం లేదు. గొలుసులు ఇండియానాపోలిస్ కంపెనీవి, రెక్కల మస్లిన్ గుడ్డ బజారుది. సైకిల్ పనిలో గొలుసు బలమెంతో వారికి బాగా తెలుసు.

1903 డిసెంబర్ 17న విమానం నాలుగుసార్లు ఎగిరింది. నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లాడు.

1908లో ఫ్రాన్స్‌లో ప్రదర్శన కోసం పెట్టెలు విప్పితే భాగాలు విరిగి, చిరిగి ఉన్నాయి. విల్బర్ వారాల తరబడి కూర్చుని బాగు చేశాడు. మధ్యలో వేడినీటి గొట్టం ఊడి చేయి కాలింది. అయినా ఆగస్టు 8న ఎగిరి చూపించాడు. ఆ విమానాన్ని అన్నదమ్ములు తామే రూపొందించి కట్టుకున్నారు కనుకనే పరాయి దేశంలో దాన్ని మళ్లీ నిలబెట్టగలిగాడు. 1912 మే 30న టైఫాయిడ్‌తో 45 ఏళ్లకే కన్నుమూశాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. సందేహం వస్తే ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. డిగ్రీలో ఒకసారి అరువు నోట్సు బట్టీపట్టి పరీక్షకు వెళ్లాం. ప్రశ్న కొంచెం తిప్పి అడిగేసరికి కలం కదలలేదు. ఎక్కడ తప్పిందో, ఎలా సరిచేయాలో తెలియలేదు. ఎందుకంటే అందులో మేము కట్టినది ఏమీ లేదు.

తమ్ముళ్లారా, పుస్తకం కొనుక్కోండి. సీనియర్ల దగ్గర అడిగి తీసుకోండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. జవాబు మాత్రం మీరే తయారు చేసుకోండి.